ల్యాన్ కార్డుకి మూడు ఓట్లు

కంప్యూటర్ ప్రాణం ఎక్కడుంటుందన్నది పెద్ద చర్చ. ప్రాసెసర్‌లో అంటారు కొందరు, హార్డ్‌డిస్క్‌లో అంటారు ఇంకొందరు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు మాత్రం ఈ సంగతి ఎప్పుడో తేల్చేశాయి. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉన్నట్టు, కంప్యూటర్ ప్రాణం దాన్ని నెట్ వైరుకి కలిపే ల్యాన్ కార్డులో ఉంది. ఆ చిలుకని పట్టుకోవడానికి రాకుమారుడు నానా తంటాలు పడ్డాడు. ల్యాన్ కార్డుకైతే తొలకరి పిడుగు ఒక్కటి చాలు.

ఈ సిద్ధాంతానికి రాజ్యాంగ హోదా 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది. యాక్టివేట్ చేసుకున్నాక, అంటే ఈ కాపీ కొన్నదేనని కంపెనీ దగ్గర నమోదు చేయించుకున్నాక, పెట్టెలో సామాను మారితే, ఇది పాత కంప్యూటరేనా కాదా అని లోపల ఓటింగ్ జరిగేది. ప్రాసెసర్ రకం, ర్యామ్, హార్డ్‌డిస్క్, సీడీ డ్రైవ్ వగైరా కలిపి ఓటర్లు 10 మంది. అందరికీ తలా ఒక ఓటు, ల్యాన్ కార్డుకి మాత్రం మూడు. మారని సామానుకే ఓటు. మొత్తం 12 ఓట్లలో 7 పడితే గట్టెక్కినట్టు. ల్యాన్ కార్డు కదలకుండా ఉంటే మిగతావాటిలో ఐదు మారినా ప్రభుత్వం పడిపోయేది కాదు. అదే మారితే, ఇంకో మూడు మారగానే అవిశ్వాసం నెగ్గేది. చాకిరీ అంతా ప్రాసెసర్‌ది, పెత్తనం ల్యాన్ కార్డుది. మన రాజకీయాలు చూసినవాళ్లకి ఇందులో వింతేమీ కనిపించదు.

పిడుగులు ఈ నిబంధనలు చదవవు. మేడల మీదుగా లాగిన ఇంటర్నెట్ వైరు పట్టుకుని వచ్చి ముందు ల్యాన్ పోర్టుని కాల్చేస్తాయి. టెక్నీషియన్ వస్తాడు. ‘‘పోర్టు పోయింది సార్, కార్డు వేసేద్దాం’’ అంటాడు. ఎలాగూ విప్పాం కదా అని ర్యామ్ పెంచుతాడు, సీడీ డ్రైవ్ మారుస్తాడు, పిల్లాడు గోల పెడుతున్నాడని గ్రాఫిక్స్ కార్డూ తగిలిస్తాడు. స్విచ్ వేస్తే కంప్యూటర్‌కి యజమాని ఎవరో తెలియదు. ఎక్స్‌పీ రోజుల్లో మళ్లీ యాక్టివేట్ చెయ్యాలంటే, నెట్‌లో పని కాకపోతే ఇక ఫోనే దిక్కు. తెర మీది 50 అంకెలు చదివి వినిపించాల్సి వచ్చేది, అవతలివాళ్లు చెప్పే 42 అంకెలు రాసుకోవాల్సి వచ్చేది. మధ్యలో, ఈ కాపీ ఎన్ని కంప్యూటర్లలో వేశారని అడిగేవారు. ‘ఒకటి’ అనాల్సి వచ్చేది. నిజం అదే అయినా ఎందుకో గొంతు తడబడేది.

ఇదంతా దొంగల కోసమేగా అంటారా? పెద్ద సంస్థలకిచ్చే ఎక్స్‌పీ కీ (వేసుకునేటప్పుడు కొట్టాల్సిన కోడ్) ఒకటి విడుదలకి ముందే బయటికి పొక్కింది. దానికి అసలు యాక్టివేషనే అక్కర్లేదు. దొంగ సీడీ వేసుకున్నవాడు కార్డులు ఇష్టమొచ్చినన్నిసార్లు మార్చుకున్నాడు, ఏ అంకెలూ చదవలేదు. 2002లో వచ్చిన మొదటి సర్వీస్ ప్యాక్, అంటే ఎక్స్‌పీకి మరమ్మతుల మూట, ఆ కీని ఒప్పుకోనంది. ఆయన సర్వీస్ ప్యాక్ వేసుకోవడం మానేశాడు. టెన్షనంతా బిల్లు ఉన్నవాడికే.

ఎక్స్‌పీ పోయినా సిద్ధాంతం పోలేదు. చిప్ డిజైన్, ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో ఈపాటి ఓటింగ్ కూడా ఉండదు. లైసెన్స్ ఫైల్లో ల్యాన్ కార్డు మ్యాక్ అడ్రస్, అంటే తయారీలో దానికి పెట్టిన గుర్తింపు నంబర్, రాసి ఉంటుంది, పన్నెండు అక్షరాలు. కార్డు పోతే, ఆ ఫైల్ చూసి అనుమతిచ్చే లైసెన్స్ సర్వర్ లేవదు. లక్షలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్, అందులో వెయ్యో వంతు ఖరీదు చెయ్యని కార్డు కోసం సంతాపం పాటిస్తుంది. కొత్త ఫైల్ కోసం కంపెనీకి మెయిల్ పెట్టి, వాళ్ల దేశంలో తెల్లారేదాకా ఇంజినీర్లంతా టీ తాగుతూ కూర్చోవాలి.

ఇంతకీ ఆ పన్నెండు అక్షరాలు ఎంత పవిత్రమైనవంటే, చాలా కార్డులకి విండోస్‌లో సామాను జాబితా ఉండే డివైస్ మేనేజర్‌లోనే ‘నెట్‌వర్క్ అడ్రస్’ అని ఒక గడి ఉంటుంది. అందులో ఏది టైప్ చేస్తే కార్డు అదే తన పేరంటుంది. ఫోన్లయితే మరీ ఘోరం. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 వచ్చినప్పటి నుంచి ఒక్కో వైఫైకి ఒక్కో మ్యాక్ అడ్రస్ చెబుతున్నాయి. మన గుట్టు కాపాడటానికేనట! ఆ నంబర్ ఎవరికీ తెలియకూడదని ఒక కంపెనీ, అది జన్మలో మారకూడదని ఇంకో కంపెనీ.

కాబట్టి ప్రభుత్వానికి నాదొక విన్నపం. కాలిపోయిన ల్యాన్ కార్డులకి మరణ ధ్రువీకరణ పత్రం, కొత్త కార్డుకి వారసత్వ పత్రం తహసీల్దార్ ఆఫీసులో ఇప్పించాలి. పిడుగు పడిన రోజే దరఖాస్తు తీసుకోవాలి. ఆ ఆఫీసులో సర్వర్ పనిచేస్తుంటేనే సుమా.