ఫోను మారిస్తే చాట్లు వస్తాయి, స్టిక్కర్లెందుకు రావు?

"ఒరేయ్, నా బ్రహ్మానందం ఏడిరా?" అని మా అక్క పొద్దున్నే ఫోన్ చేసింది. అంతకు ముందు రోజే ఆమె ఫోన్లో మెమరీ నిండిపోయిందంటే కూర్చుని శుభ్రం చేసిపెట్టాను. ఎప్పుడూ తెరవని యాప్‌లన్నీ ఏరి తీసేశాను. వాటిలో స్టిక్కర్ల యాప్ ఒకటి. ఎన్నడో ఒకసారి తెరిచి, అందులోని బొమ్మల్ని వాట్సాప్‌లో చేర్చుకుని, మళ్లీ దాని మొహం చూడలేదు కదా, ఇంకెందుకనుకున్నాను. యాప్‌తో పాటు వాట్సాప్‌లోని ప్యాక్ కూడా మాయమైంది. బావ ఏం మాట్లాడినా అక్క పెట్టే ఒకే ఒక్క సమాధానం, ఆ బ్రహ్మానందం స్టిక్కర్, అందులోనే ఉండేదట.

ఆండ్రాయిడ్‌లో సంగతి అంతే. 2018 అక్టోబరులో స్టిక్కర్లు తెచ్చినప్పుడు వాట్సాప్ బయటివాళ్లు చేసిన ప్యాక్‌లకూ తలుపు తీసింది. అయితే ఆ బొమ్మలు ఆ యాప్ దగ్గరే ఉంటాయి, వాట్సాప్ అక్కడినుంచి అడిగి తెచ్చి చూపిస్తుంది. యాప్ పోతే అడగడానికి ఎవరూ ఉండరు. మనం సొంతమనుకున్నది అద్దె సరుకన్నమాట.

ఈ తంటా కొత్తదేం కాదు. 2003లో మైక్రోసాఫ్ట్ వాళ్ల చాట్ ప్రోగ్రాం ఎంఎస్ఎన్ మెసెంజర్ ఆరో వెర్షన్‌తో సొంత ఎమోటికాన్లు, అంటే మాటల మధ్య పెట్టే చిన్న బొమ్మలు, పెట్టుకునే వీలొచ్చింది. (మేం వెళ్లే నెట్ సెంటర్లో యాహూదే రాజ్యం, అది వేరే కథ.) ఎక్కడో దొరికిన జిఫ్ బొమ్మ తెచ్చి దానికో చిన్న మాట తగిలిస్తే, ఆ మాట టైప్ చేయగానే బొమ్మ ప్రత్యక్షమయ్యేది. చిక్కంతా కంప్యూటర్ మారినప్పుడే. బొమ్మలు హార్డ్ డిస్కులోనే ఉండేవి గానీ, .dat అనే తోకతో, ఎవరికీ అర్థంకాని పేర్లతో ఉండేవి. తోక మార్చి జిఫ్ అని పెడితే బొమ్మ తెరుచుకునేది. దానికి తగిలించిన మాట మాత్రం బొమ్మలో ఉండదు కదా! రెండు వందల బొమ్మలు కొత్త కంప్యూటర్‌కి మోసుకెళ్లి, ఒక్కోదానికీ మళ్లీ పేరు పెడుతూ కూర్చోవాల్సిందే.

ఆ రోజుల్లోనే పిడ్జిన్ అనే ఉచిత చాట్ ప్రోగ్రాం ఇదే పనిని శుభ్రంగా చేసింది. 2008లో వచ్చిన 2.5 వెర్షన్లో బొమ్మలన్నీ ఒక ఫోల్డర్లో, ఏ మాటకు ఏ బొమ్మో రాసుకున్న పట్టిక పక్కనే ఒక ఎక్స్ఎంఎల్ ఫైల్లో పెట్టింది. ఆ రెండూ ఉన్న పై ఫోల్డర్ని పెన్ డ్రైవ్‌లో వేసుకెళ్తే చాలు, పని అయిపోయినట్టే. నా వాదనంతా ఈ పట్టిక గురించే. సొంత ఎమోటికాన్లో బొమ్మ సగం, అది చేతికి అందే తీరు మిగతా సగం. మొదటి సగాన్ని దాచి బ్యాకప్ అయిందంటే నేనొప్పుకోను.

మామూలు ఎమోజీకి ఈ బాధ లేదు. 2010లో యూనికోడ్ (ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే ప్రపంచ ప్రమాణం) 6.0 వెర్షన్ వందల కొద్దీ ఎమోజీలకు తలా ఒక సంఖ్య ఇచ్చేసింది. మనం పంపేది ఆ సంఖ్యనే, బొమ్మ గీసుకునే పని అవతలి ఫోనుది. స్టిక్కర్‌కి అలాంటి ఊరూ పేరూ లేవు. ఆండ్రాయిడ్ ఫోన్లో వాట్సాప్ మీడియా ఫోల్డర్ తెరిచి స్టిక్కర్ల డబ్బాలోకి తొంగి చూడండి. ఎస్‌టీకే అని మొదలై, తేదీ, ఆపై ఒక నంబరు, అవే పేర్లు. అక్కకి ప్రాణమైన బొమ్మా, ఎవరో పంపిన శుభోదయం గులాబీ పువ్వూ ఒకే రాశిలో పడి ఉంటాయి. వాటిలో ఏది మనకు ముద్దో ఆ ఫోల్డర్‌కి తెలీదు.

పోనీ సైజు పెద్దదా అంటే అదీ లేదు. కదలని స్టిక్కర్ 512 పిక్సెళ్ల చదరం, వెబ్‌పీ అనే రకం బొమ్మ ఫైలు, 100 కేబీ దాటకూడదు. ప్యాక్‌కి 30కి మించవు. అంటే నిండు ప్యాక్ మూడు ఎంబీలు. మా ఫ్యామిలీ గ్రూపులో రోజూ వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోలో ఒక్కటి అంతకంటే బరువుంటుంది. టెలిగ్రామ్ స్టిక్కర్ కొలతా 512 పిక్సెళ్లే, అక్కడా వెబ్‌పీ నడుస్తుంది. అయినా వాట్సాప్ ప్యాక్‌ని టెలిగ్రామ్‌కి ఎత్తుకెళ్లే మీట వాట్సాప్‌లో ఎంత వెతికినా కనపడదు. టెలిగ్రామ్‌లో ప్యాక్‌లు ఖాతాకే అంటుకుని ఉంటాయి, ఫోను మార్చినా లాగిన్ అవగానే వచ్చేస్తాయి. సుఖమే, ఆ సర్వర్ ఉన్నన్నాళ్లు. యాహూ మెసెంజర్ 2018లో మూతపడింది, స్కైప్ 2025లో పోయింది. 2025 మొదట్లో వాట్సాప్ కూడా ప్యాక్‌ని నేరుగా చాట్లో పంచుకోనిచ్చింది. మంచిదే, కాకపోతే ఆ బండి వాట్సాప్ నుంచి వాట్సాప్ దాకానే.

స్టిక్కర్లకు చట్టమేంటని నవ్వొచ్చు. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌లో 20వ అధికరణం, మనమిచ్చిన సమాచారాన్ని ఇంకోచోటికి పట్టుకెళ్లే హక్కిస్తుంది. మన దగ్గర 2019 డేటా రక్షణ బిల్లులో అలాంటి క్లాజు ఉండేది. 2023లో పాసైన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో అది లేకుండా పోయింది. దానిమీద పెద్దగా గొడవ జరగలేదు. కంపెనీలకు ఎగుమతి మీట పెట్టాలన్న తొందర లేకపోవడానికి ఇదీ ఒక కారణమనే నా అనుమానం.

ఈలోగా జనం తమ దారి తాము చూసుకున్నారు. తనకు తానే మెసేజ్ పెట్టుకునే చాట్లో ఇష్టమైన స్టిక్కర్లన్నీ పంపి దాచుకుంటున్నారు, ఎందుకంటే చాట్లో ఉన్నది చాట్‌తో పాటు వస్తుంది. అక్క అలా దాచుకోలేదు. పంపినవన్నీ పాత చాట్లలో ఉంటాయి కదా అని ఆదివారం కూర్చుని పైకి జరుపుకుంటూ, కనపడ్డదల్లా నొక్కి ఫేవరెట్స్‌లో చేర్చాం. గ్రూపులో పదకొండు దొరికాయి. అసలుది మాత్రం చిక్కలేదు. చివరికి బావ చాట్ తెరిస్తే మొదటి తెరలోనే ఉంది, నాలుగుసార్లు.