మేఘాల ఇంట కరువు లెక్కలు రాసిన రాయిగారికి

అయ్యా,

మేఘాలయలోని మామ్లూ గుహలో, నెత్తిన పడే చుక్కలనే జీతంగా తీసుకుని వేల ఏళ్లు కూర్చున్న స్టాలగ్మైట్ గారికి, అంటే చుక్క చుక్కగా పేరుకుని నేల మీంచి పైకి పెరిగిన గుహ రాయిగారికి, నమస్కారాలు.

2018 జులైలో భూగర్భ శాస్త్రజ్ఞులు ఒక ప్రకటన చేశారు. 4,200 ఏళ్లుగా మేమంతా కాపురం ఉంటున్నది మేఘాలయన్ యుగంలోనట. దానికి సరిహద్దు రాయి మీరేనట. ముందుగా మాకొక్క మాటైనా చెప్పవద్దా? మా పురోహితుడుగారు ఇప్పటికీ సంకల్పంలో 'కలియుగే ప్రథమపాదే' అనే చదువుతున్నారు. పంచాంగం లెక్కన కలి క్రీ.పూ. 3102లో వచ్చాడు కాబట్టి మీ యుగం ఆయన కంటే 850 ఏళ్లు చిన్నది. రెండూ కలిపి చదివితే దక్షిణ పెంచాలా అన్నది నా బెంగ.

విడ్డూరం ఏమిటంటే, మీ గుహ ఉన్నది చిరపుంజి పక్కన. 1860 ఆగస్టు నుంచి 1861 జులై దాకా అక్కడ కురిసిన వాన 26,461 మిల్లీమీటర్లు. అనంతపురానికి అంత వాన కురవాలంటే దాదాపు అర్ధ శతాబ్దం పడుతుంది. అలాంటి చోట కూర్చుని మీరు యుగానికి శ్రీకారం చుట్టింది కరువుతో! పెళ్లి పంక్తిలో కూర్చుని ఉపవాసాల చిట్టా రాసినట్టుంది.

మీ చిట్టా చదవడానికి మిమ్మల్ని నిలువునా కోశారు. పంటి వైద్యుడి దగ్గరుండేలాంటి సన్నటి డ్రిల్లుతో పొర వెంట పొర, చిటికెడు చొప్పున పొడి గీకారు. రుతుపవనాలు దండిగా ఉన్నప్పటి పొరలో తేలిక రకం ఆక్సిజన్ వాటా ఎక్కువ. అవి నీరసించినప్పుడు బరువైన రకం ఆక్సిజన్ వాటా పెరుగుతుంది. ఇక తేదీల సంగతి: యురేనియం నీళ్లలో కరిగి వస్తుంది, థోరియం దాదాపుగా రాదు. పొరలో దొరికిన థోరియం చాలావరకు అక్కడే, యురేనియం మెల్లగా మారుతూ పోగా దాని కడుపున పుట్టినది. బిడ్డ ఎంత పెరిగిందో చూసి తల్లి ఎప్పుడు కాపురానికొచ్చిందో చెబుతారన్నమాట.

ఇక్కడే మీ మీద నాకు అసూయ. మా వైపు కరువు మండలాల జాబితా ఉంటుంది. సాయంత్రం ఉన్న పేరు తెల్లారేసరికి ఉండదు, లేని పేరు వచ్చి కూర్చుంటుంది. వాన మాత్రం రెండు చోట్లా పడలేదు. మీ దగ్గర ఏ పైరవీ నడిచినట్టు కనబడదు. అయితే ఆ కరువు లోకమంతటా ఒకేసారి పడిందా, దానికో యుగం పేరు పెట్టాలా అని కొందరు పండితులు సణుగుతూనే ఉన్నారు. పట్టించుకోకండి, జాబితా అన్నాక అభ్యంతరాలు తప్పవు.

ఒక చిన్న తప్పు ఒప్పుకోవాలి. మీ చుట్టాలు మా బొర్రా గుహల్లో ఉన్నారు. ఒకరికి శివలింగమని పూజలు కూడా జరుగుతున్నాయి. ఆ మధ్య వెళ్లినప్పుడు వారిలో ఇంకొకరి తడి నెత్తిన చెయ్యి వేసి ఫోటో దిగాను. చేతి జిడ్డు అంటితే అక్కడ పొర సరిగా పట్టదని బయటికొచ్చాక తెలిసింది. ఆ ఏడాది వాన లెక్కలో ఏమైనా తేడా కనిపిస్తే అది కరువు కాదు, నేనే అని రాసుకోమని చెప్పండి.

ఇట్లు,
మేఘాలయన్ యుగ నివాసి