గుండె కొట్టుకుంటే చాలునా? అడ్రినలిన్‌పై వాదోపవాదం

ఆసుపత్రి వెలుపల గుండె ఆగినవారికి అడ్రినలిన్ అనే మందు ఎంత మేలు చేస్తుందో తేల్చడానికి బ్రిటన్‌లో ఐదు అంబులెన్సు సర్వీసుల్లో జరిగిన పారామెడిక్-2 పరిశోధన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. వాటిపై ఒక సీనియర్ అత్యవసర వైద్యుడికీ, ఆయన దగ్గర పనిచేసే వైద్యురాలికీ నడిచిన వాదం ఇది.

సీనియర్: 8,014 మందిలో సుమారు సగం మందికి అడ్రినలిన్, తక్కినవారికి మందు లేని ఉత్త సెలైన్ ఎక్కించారు. 30 రోజుల తర్వాత బతికి ఉన్నది మందు అందినవారిలో 3.2 శాతం, అందనివారిలో 2.4 శాతం. ఇంకేం కావాలమ్మా?

వైద్యురాలు: ఎలా బతికారన్నది కావాలి సార్. ఆసుపత్రి చేరకముందే గుండె తిరిగి కొట్టుకున్నది సెలైన్ పక్షంలో 11.7 శాతం మందికైతే, అడ్రినలిన్ పక్షంలో 36.3 శాతం మందికి. మానిటరు మీద గీత లేవగానే మనమంతా గెలిచామనుకుంటాం. అయితే ఈ మందు రక్తనాళాలను బిగించి గుండెకు రక్తం అందిస్తుంది. అదే బిగింపు మెదడులోని సన్నని నాళాలకు చేటు కావచ్చు. ప్రాణాలతో ఆసుపత్రి నుంచి బయటపడ్డవారిలో సాయం లేనిదే నడవలేనివారు, మంచానికే పరిమితమైనవారు మందు పక్షంలో 31 శాతం, రెండో పక్షంలో 17.8 శాతం.

సీనియర్: బాగా కోలుకున్నవారి లెక్క వదిలేశావు. అది మందు పక్షంలో 2.2, రెండో పక్షంలో 1.9 శాతం. ఆ తేడా కాకతాళీయం కావచ్చు, గణాంకాల ముందు నిలవదు, నిజమే. కానీ బాగుపడేవారిని ఈ మందు తగ్గించిందని ఏ అంకె చెబుతోంది?

వైద్యురాలు: ఏదీ చెప్పడం లేదు, ఒప్పుకుంటున్నాను. కానీ చావు కన్నా మంచం పట్టడమే మేలని రోగి తరఫున మనమే తేల్చేస్తున్నాం.

సీనియర్: రోగి ఇష్టమంటున్నావు గదా, ఈ పరిశోధనలో చేర్చేముందు ఎవరిని అడిగారు?

వైద్యురాలు: స్పృహ లేనివారిని ఎవరడగగలరు? వద్దనుకునేవారు ముందే తొడుక్కోవడానికి ‘నో స్టడీ’ అని చెక్కిన స్టీలు కడియం ఇచ్చారు.

సీనియర్: ఆ కడియం సంగతి ఎంతమందికి తెలుసు?

వైద్యురాలు: కొద్దిమందికే కావచ్చు. మరి సరైన పరీక్ష లేకుండా దశాబ్దాలపాటు ఇదే మందు పొడిచినప్పుడు మనం ఎవరి అనుమతి తీసుకున్నాం? అసలు లెక్క వేరే ఉంది. ఒక ప్రాణం నిలవాలంటే 112 మందికి అడ్రినలిన్ ఇవ్వాలి. పక్కనున్నవారు సీపీఆర్, అంటే ఛాతీ నొక్కి గుండెను ఆడించే ప్రథమ చికిత్స, చేస్తే 15 మందికి ఒకరు దక్కుతారని ఆ పరిశోధకులే రాశారు. మన శ్రమా, సొమ్మూ ముందు అటు పోవాలి.

సీనియర్: అది నిజం. అయినా మూడు నుంచి ఐదు నిమిషాలకొకసారి ఒక మిల్లీగ్రాము ఇమ్మనే మార్గదర్శకాలు ఇప్పటికీ అంటున్నాయి. రేపు కేసు వస్తే మానేస్తావా?

వైద్యురాలు: మానను సార్. కానీ బయట నిలబడ్డ ఇంటివాళ్లతో గుండె కొట్టుకుంటోందని చెప్పి ఊరుకోను. మెదడు ఎంత మిగిలిందో కనీసం మూడు రోజులు గడిచేదాకా చెప్పలేమని కూడా అప్పుడే చెబుతాను.