‘1970 తర్వాత కనిపెట్టిందేమీ లేదు’ అనేవారికి

ఒక సందేశం చాలాకాలంగా ఫోన్లలో తిరుగుతూనే ఉంది. సారాంశం ఇదీ: ‘మా తాత పుట్టినప్పుడు ఎడ్లబండి. పోయేనాటికి విమానం, కరెంటు, పెన్సిలిన్, చంద్రుడి మీద మనిషి. మనం పుట్టాక వచ్చినవి ఫోను తెరలే. చంద్రుడి మీద మళ్లీ ఎవరూ కాలుపెట్టలేదు, విమానం వేగం పెరగలేదు, పెన్సిలిన్ లాంటి మందు మళ్లీ రాలేదు, ఇంట్లో పొలంలో అన్నీ పాతవే. టెక్నాలజీ ఆగిపోయిందని పరిశోధకులే ఒప్పుకున్నారు.’ మా బంధువుల గ్రూపులో ఇంజినీరింగ్ చదివే పిల్లలు కూడా దీనికి తలూపుతుంటే బాధేసింది. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు ఆ తాత సంగతి. ఆయన మన తాత కాదు. స్వాతంత్య్రం వచ్చేనాటికి మన దేశంలో కరెంటున్న ఊళ్లు సుమారు 1,500. సగటు ఆయుష్షు 32 ఏళ్ల దగ్గర ఉండేది. ఎడ్లబండి నుంచి విమానం దాకా ఒక్క జీవితంలో చూసింది అమెరికా తాత. ఆ కథనే తెలుగులోకి దించి మనకు అంటించారు. మన పల్లెల్లో దీపాలు వెలిగింది చాలావరకు ఆ తర్వాతే.

చంద్రుడి మీద మనిషి చివరిసారి నడిచింది 1972 డిసెంబరులో. నిజమే. కానీ చేతకాక మానలేదు. 1966లో అమెరికా కేంద్ర బడ్జెట్‌లో 4 శాతానికి పైగా నాసాకే ఇచ్చారు. సోవియట్ యూనియన్‌తో పందెం గెలిచాక అంత డబ్బు పోసే రాజకీయ అవసరం తీరిపోయింది. కాంకార్డ్ అనే ప్రయాణికుల విమానం కూడా అంతే. 1976 నుంచి 2003 దాకా ధ్వనికి రెట్టింపు వేగంతో ఒక్కో ప్రయాణంలో సుమారు వందమందిని మోసింది గానీ, తాగే ఇంధనమూ, కింద ఊళ్ల మీద పిడుగు పడ్డట్టుండే మోతా దాన్ని నిలవనివ్వలేదు. వేగంతోనే కొలిస్తే విమానం ఆగినట్టే. ఇంధనంతో కొలవండి: 1960ల చివరి జెట్లతో పోలిస్తే ఇవాళ్టి కొత్త విమానం ఒక్కో ప్రయాణికుడికి దాదాపు సగమే ఖర్చు చేస్తుంది. ఇక రాకెట్టు. 2015 డిసెంబరులో ఫాల్కన్ 9 మొదటి దశ నిటారుగా నేలమీద దిగింది. అలా తిరిగొచ్చిన దశను 2017లో మళ్లీ ఎగరేశారు. అపోలో కాలంలో ఇది ఎవరివల్లా కాలేదు.

మందుల గురించిన మాట నన్ను ఎక్కువ నొప్పించింది. హెపటైటిస్ సి వైరస్‌ను గుర్తించిందే 1989లో. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లే దిక్కు. ఏడాది పాటు జ్వరాలు, నీరసం భరించినా నయమయ్యేది సుమారు సగంమందికే. 2013లో సోఫోస్‌బువిర్ అనే మందు వచ్చింది. ఇప్పుడు 12 వారాలు మాత్రలు వేసుకుంటే నూటికి 95 మంది దాకా పూర్తిగా బయటపడుతున్నారు. ఆ మాత్రలు హైదరాబాద్ కంపెనీల్లోనూ తయారవుతున్నాయి. కాలేయం పాడైపోతూ రోజులు లెక్కపెట్టుకున్న మనిషికి ఇది పెన్సిలిన్ కంటే ఎందులో తక్కువ? ఇన్సులిన్ 1921 నాటిదే. కానీ పందుల, పశువుల క్లోమం నుంచి తీయకుండా, బాక్టీరియాతో తయారుచేసిన మానవ ఇన్సులిన్‌కు అనుమతి దొరికింది 1982లో. తలసీమియాకు, సికిల్ సెల్ జబ్బుకు జన్యువునే సవరించే చికిత్సకు బ్రిటన్ 2023 నవంబరులో అనుమతినిచ్చింది. ఖరీదు ఇంకా మనవాళ్లకు అందనంత ఎక్కువ, అది వేరే పోరాటం. ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను: పూర్తిగా కొత్త తరగతి యాంటీబయాటిక్‌లు 1980ల నుంచి చాలా అరుదు. సందేశం రాసినాయన ఆ ఒక్క మాటే అని ఉంటే నేనూ ఆయన పక్కనే నిలబడేవాణ్ణి.

‘పొలంలో అన్నీ పాతవే’ అన్నది మరీ అన్యాయం. నేను గోదావరి డెల్టాలో పెరిగినవాణ్ణి. కాలువ పొంగి చేను వారం పది రోజులు మునిగితే, నీళ్లు తీశాక మిగిలేది కుళ్లిన వాసనే. మునిగిన వరి మొక్క గాలి కోసం గబగబా పైకి సాగుతుంది, ఆ సాగడంలోనే దాచుకున్న బలమంతా అయిపోయి, నీళ్లు దిగేసరికి చచ్చిపోతుంది. ఒడిశాలోని ఎఫ్‌ఆర్ 13ఏ అనే పాత రకానికి మాత్రం ముంపులో కదలక ఊపిరి బిగబట్టే గుణం ఉంది. ఆ గుణానికి మూలమైన సబ్1ఏ జన్యువు వివరం 2006లో బయటికొచ్చింది. మారుటేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ అనే వరి రకంలోకి ఆ గుణాన్ని, డీఎన్‌ఏ గుర్తులు చూసుకుంటూ, మిగతా లక్షణాలు చెడకుండా దించారు. 2009లో స్వర్ణ-సబ్1 విడుదలైంది. రెండు వారాల దాకా ముంపు తట్టుకుని మళ్లీ చిగురు వేస్తుంది. గట్టు మీద నిలబడి చూస్తే పాత స్వర్ణకూ దీనికీ తేడా కనబడదు. బాపట్లలో పుట్టిన సాంబమసూరికీ ఇలాగే మూడు జన్యువులు చేర్చి, ఎండాకు తెగులు తట్టుకునే రకాన్ని 2008లో ఇచ్చారు. అది హైదరాబాద్‌లోని సీసీఎంబీ (జీవకణాల మీద పరిశోధన చేసే కేంద్రం), వరి పరిశోధన సంస్థల పని. మన పళ్లెంలో అన్నం పాతదిలాగే కనబడుతుంది కాబట్టి ఇన్నేళ్ల చదువూ శ్రమా లేనట్టేనా?

ఇంటి సంగతికి ఒక్క మాట చాలు: 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుగు ఇప్పుడు 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తోంది. 1990ల తొలినాళ్లలో నీలం ఎల్‌ఈడీ సాధించకపోతే ఆ తెల్లని వెలుగు లేదు.

చివరిది, ‘పరిశోధకులే ఒప్పుకున్నారు’ అన్న మాట. 2020లో కొందరు అమెరికా ఆర్థికవేత్తలు లెక్కగట్టింది వేరు. చిప్పుల సామర్థ్యం రెట్టింపవుతూ పోవాలంటే 1970ల తొలినాళ్లకంటే 18 రెట్లు ఎక్కువమంది పరిశోధకులు కావాలన్నారు. ఒక్కో మెట్టు ఎక్కడం కష్టమవుతోందని దాని అర్థం. మెట్లు ఎక్కడం మానలేదు: 1971 నాటి ఇంటెల్ చిప్పులో 2,300 ట్రాన్సిస్టర్లుంటే, 2020లో వచ్చిన ఆపిల్ ఎం1లో 1,600 కోట్లు ఉన్నాయి. కష్టం పెరిగిందంటే మనుషులూ డబ్బూ ఇంకా కావాలి. మన దేశం పరిశోధన మీద పెడుతున్నది జీడీపీలో 0.64 శాతం, చైనా 2 శాతానికి పైగా పెడుతోంది. అంతా కనిపెట్టడం అయిపోయిందని నమ్మిన పిల్లలు ఆ 0.64 గురించి ఎవర్నీ నిలదీయరు. నాకు ఆ సందేశం మీద ఉన్న కోపమల్లా అదే.