ఎఫ్.ఎస్.హెచ్. రిపోర్టు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఎఫ్.ఎస్.హెచ్. రిపోర్టు గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. మీ కుశలానికైతే లోటు లేదు. రక్తంలోని ఎఫ్.ఎస్.హెచ్. అనే హార్మోనును కొలిచి, 7.8 అంకెతో, పక్కనే 'నార్మల్' అన్న మాటతో, ల్యాబువారి నున్నటి కాగితం మీద నిగనిగలాడుతున్నారు. చెడిందల్లా నా మాటకున్న విలువే.

నాకు 46 ఏళ్ళు. కొంతకాలంగా నెలసరి దానికి తోచినప్పుడు వస్తోంది. ఒకసారి మూడు వారాలకే హాజరు, మరోసారి నెలన్నర దాటినా జాడ లేదు. తెల్లవారుజామున మెలకువ వస్తే, పదో తరగతిలో నన్ను వెక్కిరించిన అమ్మాయికి అప్పుడు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు తయారు చేసుకుంటూ పడుకుంటాను. మొన్న ఇడ్లీ పాత్ర మూత తీస్తే ఆవిరి అందులోంచి వస్తోందో, నా మెడలోంచి వస్తోందో అర్థం కాక స్టవ్ కట్టేశాను. పాత్ర చల్లారింది. నేను చల్లారలేదు.

ఇదంతా డాక్టరమ్మకు చెప్పి, "మెనోపాజ్, అదే నెలసరి పూర్తిగా ఆగిపోవడం, దగ్గర పడుతోందేమోనండీ" అన్నాను. ఆవిడ చెవులు నాకిచ్చి కళ్ళు మీకిచ్చారు. మీ అంకె కింద పెన్నుతో గీత గీసి, "అదేమీ కాదమ్మా, దానికింకా యాభై దాటాలి. టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. థైరాయిడ్, రక్తహీనత కూడా చూశారు, అవీ లేవన్నారు. సంతోషం. కానీ టెన్షన్ నాకు కొత్తదా? పెళ్ళినాటి నుంచీ ఉన్నదే. ఇన్నేళ్ళలో అది ఒక్కసారైనా పుష్యమాసపు చలిలో దుప్పటి తన్నేయించిందా?

ఇంతకీ మీరెవరు? మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి అండాశయాల మీద వేసే కేక. అవి వినిపించుకోవడం మానేసిన కొద్దీ కేక పెద్దదవుతుంది, అంకె పెరుగుతుంది. బాగానే ఉంది. కానీ మెనోపాజ్‌కు ముందు వచ్చే ఈ సంధికాలంలో అండాశయాలు ఒక నెల బద్ధకిస్తాయి, మరో నెల ఉన్నట్టుండి హుషారవుతాయి. వాటితో పాటే మీరూ ఎగురుతారు, పడతారు. కాబట్టి మీరు చెప్పింది సూది గుచ్చిన ఆ ఒక్క ఉదయపు సంగతి. మీ అంకెకు అచ్చువేసిన పరిధులు కూడా నెలలో ఏ దశ అన్నదాన్ని బట్టి మారతాయి. నా రక్తం ఏ దశలో తీశారో ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పగలిగితే నేను ఆసుపత్రికి ఎందుకు వెళ్తాను?

45 దాటిన ఆరోగ్యవంతురాలికి వేడి ఆవిర్లు, గతి తప్పిన నెలసరి ఉంటే ఈ దశను గుర్తించడానికి మీతో పని లేదని బ్రిటన్‌లో వైద్యులకు మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2015లోనే చెప్పింది. మెనోపాజ్ దశలను గుర్తించడానికి వాడే, 2011లో సవరించిన 'స్ట్రా' కొలమానం కూడా ముందు చూసేది తేదీలనే. వరుస నెలసరి చక్రాల నిడివిలో ఏడు రోజులు, అంతకు మించి తేడా మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఆ దారిన పడ్డట్టే. ఇక ఆ యాభై దాటడం పాశ్చాత్య దేశాల సగటు. మన దేశంలో సగటు 46, 47 ఏళ్ళ దగ్గరే ఉంది.

మా వదినది దీనికి పూర్తిగా తలకిందుల కథ. ఆవిడ కష్టం చెప్పుకోగానే వాళ్ళ డాక్టరు "గర్భసంచి తీసేస్తే పీడా పోతుంది" అన్నారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతమైతే తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. మన దగ్గర ఆడవాళ్ళ గోడుకు ఉన్నవి రెండే జవాబులు: ఏమీ లేదు, లేదా తీసేద్దాం.

నేను సాక్ష్యం లేకుండా వాదనకు దిగలేదు సుమా. గోడ క్యాలెండరు కాగితాలు చింపి, మడిచి పట్టుకెళ్ళాను. పాల లెక్కల పక్కన ఎర్ర పెన్నుతో నెలసరి తేదీలకు చుక్కలు పెట్టుకున్నాను. డాక్టరమ్మ వాటిని తిప్పి చూసి, "పాలు రోజూ ఎక్కువే తీసుకుంటున్నారే, కాల్షియానికి మంచిది" అన్నారు.

ఇట్లు,
మీ నార్మల్ పేషెంటు

తా.క.: మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేయించుకోమన్నారు. అప్పుడు మీ తమ్ముడెవరో 30 అంకెతో దిగితే, ఇదే డాక్టరమ్మ "అవునమ్మా, నేననుకుంటూనే ఉన్నాను" అంటారు. ఈలోగా అన్నదమ్ములిద్దరూ కూర్చుని ఒక మాట మీదకు రండి. ఫీజు ఇద్దరికీ నేనే కడుతున్నాను.