విరిగిన బోల్టు బలంతో ఊడదు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగువారి ఫోన్లలో ఒక సందేశం విస్తారంగా తిరుగుతోంది. విరిగిన బోల్టును ఎర్రగా కాల్చి చన్నీళ్ళు పోయాలని, నడుమ రంధ్రం వేసి, బోల్టును లోపలి నుంచి పట్టి తిప్పే పనిముట్టైన ఈజీ ఔట్‌ను దిగ్గొట్టి బలంకొద్దీ తిప్పాలని, మరలు పోతే ఎం-సీల్ నింపాలని, అదీ నిలవకపోతే ఒక సైజు పెద్ద బోల్టు ఎక్కించాలని, ఇదంతా ఇంట్లో పది నిమిషాల పనేనని దాని సారాంశం. వంశధార ఒడ్డున పంపు ఆగిపోయిన రైతుకు, లేతు కోసం ఘాటు దిగి రావలసిన కొండ ఊళ్ళవారికి ఇది ఆశ పుట్టించే మాటే. ఈ పని ఇంట్లో చేసుకోవచ్చు కూడా. అయితే సందేశం చెప్పిన తీరులో మాత్రం కాదు.

మొదటిది కాల్చడం. ఉక్కు పగటి వెలుగులో ఎర్రగా కనిపించేసరికి వేడి సుమారు 700 డిగ్రీలకు చేరుతుంది. బైకు ఇంజను కేసు అల్యూమినియం. అది 660 డిగ్రీల లోపే కరుగుతుంది, కరిగేముందు ఎర్రబడి హెచ్చరించదు. పంపు బాడీ పోత ఇనుముదైతే చన్నీళ్ళకు పగుళ్ళు తీయవచ్చు. తలపై 8.8 అని ఉండే హైటెన్సైల్ బోల్టును ఎర్రగా కాల్చి చల్లార్చితే అది మరింత గట్టిపడి డ్రిల్ బిట్టుకు లొంగదు. వేడి ఉపాయమే తప్పని కాదు. అల్యూమినియం ఉక్కుకన్న దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కనుక, పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టాక, బోల్టును గాక దాని చుట్టూ ఉన్న లోహాన్ని నీటిచుక్క చుయ్యిమనేంత వేడి చేస్తే పట్టు సడలుతుంది.

రెండోది, అన్నిటికన్న ఎక్కువ నష్టం చేసేది, ఈజీ ఔట్ సలహా. బోల్టు ఎందుకు తెగిందో సందేశం అడగనే అడగదు. అతిగా బిగించడం వల్లనో, అదురు వల్లనో తెగిన బోల్టు లోపల మరలు వదులుగానే ఉంటాయి. దాన్ని ఈజీ ఔట్ తేలికగా తీస్తుంది, వీడియోలలో కనిపించేవి చాలావరకు ఇటువంటివే. తుప్పుతో బిగుసుకుపోయి, విప్పబోతే తెగిన బోల్టు సంగతి వేరు. తన పూర్తి మందంతో తిరగలేక తెగినదాన్ని, అందులో సగం మందమున్న పనిముట్టు ఎలా తిప్పుతుంది? ఒకే లోహంలో మందం సగమైతే మెలితిప్పుడుకు తట్టుకునే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఈజీ ఔట్ గట్టి ఉక్కే, కాని ఆ గట్టిదనమే దాన్ని పెళుసుగా చేస్తుంది. పైగా దాని ఏటవాలు ఆకారం బోల్టు గోడలను పక్కలకు నెట్టి మరింత బిగిస్తుంది. అది లోపల విరిగితే మామూలు హెచ్‌ఎస్‌ఎస్ బిట్టు దాన్ని కోయదు. కార్బైడ్ బిట్టో, విద్యుత్ నిప్పురవ్వలతో లోహాన్ని తొలిచే స్పార్క్ ఎరోజన్ యంత్రమో కావాలి.

కనుక ముందు తుప్పు వదిలించే నూనె పోసి, చిన్న సుత్తితో తట్టి, రాత్రంతా ఉంచాలి (పది నిమిషాల లెక్క ఇక్కడే చెల్లిపోయింది). మొండెం పైకి తేలి ఉంటే దానిపై నట్టు పెట్టి, నట్టు రంధ్రంలో నుంచి వెల్డింగు చేయించడం అన్నిటికన్న మంచి మార్గం; ఆ వేడి కూడా పట్టు వదిలిస్తుంది. లోపలే తెగితే, పైభాగాన్ని ఆకురాయితో చదును చేసి, సరిగ్గా నడుమ సెంటర్ పంచ్‌తో గుంట కొట్టి, సన్న బిట్టుతో మొదలుపెట్టాలి. ఎడమవైపు తిరిగే బిట్టు దొరికితే కోస్తూండగానే బోల్టు వెనక్కి రావచ్చు. అదీ కాకపోతే ఎం8 (8 మిల్లీమీటర్ల మందం) బోల్టుకు 6.8 మిల్లీమీటర్ల వరకు కోసి, మిగిలిన పొరను చుట్టుచుట్టుగా తీయవచ్చు. నడుమ తప్పితే బాడీ మరలే పోతాయి.

ఎం-సీల్ నీరు కారకుండా ఆపే ఎపాక్సీ ముద్ద. బోల్టు బిగింపును లోహంలా మోయలేదు, వేడికి మెత్తబడుతుంది. మరలు కాస్త నలిగితే నింపవలసిందేమీ లేదు, మరలు కోసే పనిముట్టైన ట్యాపుతో శుభ్రం చేస్తే చాలు: అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనక్కి, అల్యూమినియమైతే కిరసనాయిలు వేస్తూ. పూర్తిగా పోతే హెలికాయిల్ (కొత్త మరలుగా పనిచేసే స్టీలు తీగ చుట్ట) వేయాలి. ఎం8కు సుమారు 8.3 మిల్లీమీటర్ల రంధ్రం, మామూలు ఎం8 ట్యాపు గాక ఆ కిట్టులోనే వచ్చే ట్యాపు కావాలి. స్టీలు చుట్ట దించాక దాని అడుగు కొక్కేన్ని విరిచి బయటికి తీయాలి. పాత సైజు బోల్టే మళ్ళీ పడుతుంది.

పెద్ద బోల్టు సలహా చుట్టూ లోహం మందంగా ఉన్నచోట చెల్లుతుంది, కాని 8.5 మిల్లీమీటర్ల రంధ్రం వేసి ఎం10 ట్యాపు తిప్పాకే. బోల్టునే ట్యాపుగా వాడితే కాదు. దానిపై బిగించే భాగపు రంధ్రాన్నీ పెంచవలసి వస్తుంది.

బ్రేకు, స్టీరింగు, ఇంజను హెడ్డు బోల్టులను మాత్రం లేతుకే తీసుకెళ్ళాలి. ఎం10లోనే మరల నడుమ దూరం చెప్పే 1.5, 1.25 మిల్లీమీటర్ల పిచ్‌లు రెండూ ఉన్నాయి కనుక, తెగిన ముక్కను కూడా వెంట తీసుకెళ్తే అక్కడ కొలవడం తేలిక.