లాఠీ లేని అధికారికి పెరోల్ బాధ్యత

నేరం రుజువైనా జైలుకు పంపకుండా షరతుల మీద బయట వదలడం ప్రొబేషన్. ఆ షరతు మొదటిసారి తప్పినవాణ్ని జైలుకు పంపకుండా జరిమానాతో సరిపెట్టాలని కోర్టు అనుకుంటే, ఆ జరిమానా 50 రూపాయలు దాటకూడదు. 1958 నాటి నేరస్తుల ప్రొబేషన్ చట్టంలోని 9వ సెక్షన్ చెప్పే మాట ఇది. రూపాయి విలువ ఎక్కడికో పోయింది గానీ ఆ అంకె మాత్రం కదల్లేదు.

అదే సెక్షన్‌లో ఇంకో సంగతి ఉంది. షరతు తప్పాడని ప్రొబేషన్ అధికారి కోర్టుకు రిపోర్టు ఇవ్వగలడు, అంతే. వారెంటైనా సమన్లైనా ఇవ్వాల్సింది కోర్టే. ఇక 14వ సెక్షన్ అతనికి అప్పగించిన పనులు: ఇంటి పరిస్థితులు విచారించడం, కనిపెట్టుకుని ఉండడం, అవసరమైతే పని చూపించడం. చాలామంది దీన్ని చేతకానితనంగా చూస్తారు. నాకైతే చట్టంలో తెలివైన భాగం ఇదే అనిపిస్తుంది. బేడీలు వేయగల మనిషి ముందు ‘మళ్లీ తాగుడు మొదలైంది సార్’ అని ఎవరు నోరు విప్పుతారు?

అమెరికాలోని జార్జియా వేరే దారి పట్టింది. ప్రొబేషన్, పెరోల్ (శిక్ష పూర్తికాకముందే ఖైదీని షరతులతో బయటికి పంపడం) పర్యవేక్షణను 2015లో ఒకే శాఖ కిందికి తెచ్చింది. ఆ అధికారులకు తుపాకీ ఉంటుంది, అరెస్టు చేసే అధికారమూ ఉంటుంది. తుపాకీ మనకొద్దు గానీ, ప్రొబేషన్, పెరోల్ రెండింటినీ ఒకే చేతిలో పెట్టడం మాత్రం ఆలోచించదగ్గది.

మన దగ్గర పెరోల్ అంటే ఖైదీకి ఇచ్చే కొద్దిరోజుల సెలవు, అది జైళ్ల వ్యవహారం. రాజ్యాంగం ప్రకారం జైళ్లు రాష్ట్రాల జాబితాలోవి. బయటికొచ్చిన ఖైదీకి మామూలుగా పెట్టే షరతు దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో సంతకం. తల్లికి బాగోలేదని ఊరొచ్చినవాడు స్టేషన్ బల్ల మీద కూర్చుని రైటర్ వచ్చేదాకా ఎదురుచూస్తాడు. ఈలోగా బజారంతా చూస్తుంది. ఆ సంతకం మనిషి ఊళ్లోనే ఉన్నాడని చెబుతుంది, ఎలా ఉన్నాడో చెప్పదు. 2023లో కేంద్రం ఇచ్చిన నమూనా జైళ్ల చట్టం సెలవుపై వెళ్లే ఖైదీలకు ఎలక్ట్రానిక్ ట్రాకింగ్ పరికరం పెట్టొచ్చంటోంది. అదీ అంతే, ఎక్కడున్నాడో చెప్పి ఊరుకుంటుంది.

ఇంటికెళ్లి నాలుగు మాటలు మాట్లాడి రాయడం ప్రొబేషన్ అధికారి వృత్తి. పెరోల్ మీద వచ్చినవాళ్ల బాధ్యతా అతనికే ఇవ్వడానికి పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు. నిబంధనల ద్వారా అతనికి ఇతర విధులు అప్పగించే వీలు 14వ సెక్షన్‌లోనే ఉంది. కేంద్రం ఆమోదంతో ఆ నిబంధనలు చేయాల్సింది రాష్ట్రాలే. కాకపోతే ముందు పోస్టులు నింపాలి, తిరగడానికి బండి ఖర్చులివ్వాలి. అవి లేకుండా పని మాత్రం పెంచితే, స్టేషన్‌లో పెట్టే సంతకం ఇతని ఆఫీసుకు మారుతుంది, అంతే.